మా జీపుకు ఎముకలు పెట్టిన మేస్త్రి

మేస్త్రి పోయారు. ఆ మాట నాకు చెప్పింది ఆయన భార్యే. ఆ పొద్దున నేను గొర్రెలకు టీకాలు వేస్తూ, ఒక మొండి పొట్టేలును మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుని ఉన్నాను. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను.

“డాక్టరమ్మా, మీ మేస్త్రి వెళ్లిపోయినాడు. పొద్దన్నే కాఫీ ఇచ్చినా. చక్కెర చాల్లేదని నాలుగు మాటలన్నాడు. లోపలికి పోయి చక్కెర డబ్బా తెచ్చేసరికి లేడు” అంది ఆమె. “తిట్టుకుంటా పోయినాడు తల్లీ, బాధపడతా పోలేదు. అదే నాకు తృప్తి” అంది.

పొట్టేలు నా చేతుల్లోంచి జారి మందలో కలిసిపోయింది. దానికి టీకా పడిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మేస్త్రి పెద్ద పేరున్న మనిషి కాదు. మనుబోలు దగ్గర హైవే పక్కన ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. బోర్డు లేదు. కృష్ణపట్నం పోర్టుకు తిరిగే ట్రెయిలర్ల డ్రైవర్లకు, ట్రాక్టర్ల వాళ్లకు ఆ షెడ్డు తెలుసు, అంతే. వెల్డింగు ముసుగు పెట్టుకుంటే చాలు, ఆయన నోటికి ఎప్పుడూ ఒకే చర్చి పాట వచ్చేసేది. ఆ ముసుగులోంచి వచ్చే గొంతు కుండలో తల పెట్టి పాడినట్టు ఉండేది. కొత్తవాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. పాత డ్రైవర్లు మాత్రం పాట ఏ చరణంలో ఉందో చూసి, పని ఎంతసేపట్లో అయిపోతుందో లెక్క కట్టేవాళ్లు.

నేను పశువుల డాక్టరుని. సముద్రం ఒడ్డు ఊళ్లు తిరగడానికి ఒక పాత ఫోర్ వీల్ జీపు కొనుక్కున్నాను. మీవైపు నేలంతా ఇసుక, రొయ్యల గుంటలే కదా, రాళ్లెక్కడివి అని మీరు అడగవచ్చు. మాకు రాళ్లను వాన తెస్తుంది. గట్టి వాన పడితే కట్టలు తెగుతాయి. గండి పడిన ప్రతిచోటా లారీలతో బండరాళ్లు తెచ్చి పోస్తారు. పైన మట్టి వేస్తామంటారు. మట్టి వచ్చేలోపు మళ్లీ వాన వస్తుంది.

అలాంటి ఒక గండి మీద నా జీపు చక్రం జారి, తలుపు కింది రేకు బండరాయికి కొట్టుకుని లోపలికి పోయింది. డ్రైవరు వైపు తలుపు తెరుచుకోవడం మానేసింది. నెల రోజులపాటు నేను గేరు కడ్డీ దాటుకుని అవతలి తలుపులోంచి దిగాను. చీర కట్టుకున్న రోజైతే ఊరి పిల్లలు చుట్టూ చేరి మరీ చూసేవాళ్లు. రేకు సరిచేయించి, ఒక దుకాణంలో తలుపు కింద తళతళలాడే స్టీలు మెట్టు బిగించుకున్నాను. రెండోసారి రాయి తగిలినప్పుడు ఆ మెట్టు రేకును కాపాడలేదు సరికదా, తానూ వంగి, రేకునూ వంచింది.

ఒక ట్రాక్టరు రైతు చెబితే మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన ఆ మెట్టును కాలి బొటనవేలితో కదిపి చూశారు. అది ఊగింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు.

“ఇది నగమ్మా. పెళ్లికి పోయేదానికి పనికొస్తది. నీ బండికి ఎముకలు కావాల.”

నాకు కావలసినవి ఏమిటో ఫోనులో ఒక వీడియో పెట్టి చూపించాను. వాటిని రాక్ స్లైడర్లు అంటారట. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య, తలుపుల కింద, ఒక్కో వైపు ఒక మందపాటి ఇనుప గొట్టం. అది బండి రేకును ఆనుకోదు. గట్టి కాళ్లతో నేరుగా బండి కింది ఇనుప చట్రానికి, అంటే ఛాసిస్‌కు, అతికి ఉంటుంది. రాయి తగిలితే బండి బరువంతా ఆ గొట్టం మోస్తుంది, రాయి మీద జారి ముందుకు పోతుంది. ఆయన వీడియో మూడుసార్లు చూశారు. మూడోసారి భార్యను పిలిచారు.

ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. షెడ్డులో కొలతలన్నీ ఆమెవే. గొట్టం రెండో కొస పట్టుకునేదీ, అట్టముక్క కత్తిరించి అచ్చు తీసేదీ ఆమే. వీడియో చూసి, “కాళ్లు మూడు పెట్టినాడు వాడు. ఈమె పోయే దారికి నాలుగు పెట్టాల” అంది. మేస్త్రి వెంటనే నాలుగో కాలికి సుద్దతో గుర్తు పెట్టారు.

పని మొదలుపెట్టే ముందు ఆయన జీపు బ్యాటరీ తీగ ఊడదీశారు. “నువ్వు కోసే ముందు మత్తిస్తావు కదా, ఇదీ అంతే” అన్నారు. డీజిలు గొట్టం పోయే చోట తడిపిన గోనెపట్టా కప్పారు. చిన్న చిన్న అతుకులు వేసి, వెనక్కి వచ్చి చూసి, మళ్లీ వేశారు. ఒకే చోట ఎక్కువసేపు కాలిస్తే ఇనుము వంకరపోతుందట. అందుకని ఇక్కడొక ముక్క, అక్కడొక ముక్క. పాట రెండో చరణంలో ఉండగా భోజనానికి లేచాం. అక్క చేపల పులుసు పెట్టింది. నేను మొహమాటపడితే, “తిను. ఖాళీ కడుపుతో ఉండేవాళ్లకి పని లేటైనట్టు అనిపిస్తాది” అన్నారు మేస్త్రి.

సాయంత్రానికి డ్రైవరు వైపు పూర్తయింది. అతుకులన్నీ చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి వరసగా కూర్చున్నాయి. నాకైతే కళ్లు తిప్పుకోబుద్ధి కాలేదు. అక్క వంగి, గొట్టానికీ రేకుకీ మధ్య వేలు పెట్టబోయింది. వేలు పోలేదు.

“ఏమయ్యా, రాయి తగిలితే ఇది పైకి లేవదా? లేచి రేకును కొట్టదా?”

“నాలుగు కాళ్లు పెట్టినా కదే. యాడ లేస్తాది?”

“లేస్తే?”

ఆయన కాసేపు ఆ అతుకులవంక చూస్తూ నిలబడ్డారు. ఆ మనిషి ముఖంలో ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వు లేదు. నాకు పాపమనిపించి, “పరవాలేదు మేస్త్రీ, ఇలాగే ఉండనివ్వండి” అన్నాను.

“నీకు పరవాలేదు, బండికి పర్వా ఉండాది” అని, ముసుగు దించి, కోత మిషను తీసుకున్నారు. అంత అందమైన పనినీ నాలుగు చోట్లా కోసేశారు. మర్నాడు మళ్లీ మొదటినుంచి చేశారు, ఈసారి రెండు వేళ్ల సందు వదిలి. కోస్తున్నంతసేపూ పాట లేదు. మళ్లీ అతకడం మొదలుపెట్టాక పాట మొదలైంది, అదీ మొదటి చరణం నుంచి.

రెండు వైపులా అయ్యాక ఆయన జాకీ తెచ్చి గొట్టం కింద పెట్టి ఎత్తారు. జీపు ఒక పక్క మొత్తం, రెండు చక్రాలూ నేల వదిలి లేచాయి. “ఇప్పుడు తలుపు తెరువు” అన్నారు. తెరిచాను. “ముయ్యి.” మూశాను. ఎప్పటిలాగే టక్కున పడింది. “ఎప్పటి చప్పుడేనా?” అని అడిగారు. అవునన్నాను. బరువు రేకు మీద పడితే తలుపు బిగుసుకుపోతుందట. అప్పుడు జాకీ దించారు. బండి నాకు అప్పగించారా అంటే, అదీ లేదు. గోనెసంచి పరిచి, “కిందికి దూరి చూసుకో. పైన చూస్తే నన్ను పొగుడుతావు. కింద చూస్తే పని తెలుస్తాది” అన్నారు. ఎవరి బండి అయినా అంతే. తెల్లబట్టల్లో వచ్చిన కాంట్రాక్టర్లను కూడా ఆయన ఆ గోనెసంచి మీద వెల్లకిలా పడుకోబెట్టేవారు.

ఆ వానాకాలంలోనే అసలు పరీక్ష వచ్చింది. ఉప్పుకాలవ అవతలి పల్లె నుంచి ఒక ముసలాయన పరుగున వచ్చాడు. ఆయనకున్నది ఒక్క గేదె. ఈత నొప్పులు మొదలై చాలాసేపయింది, దూడ అడ్డం తిరిగింది. మధ్యలో కట్ట తెగి, రాళ్లు పోసి ఉంది. రాళ్ల మీదుగా నీళ్లు పారుతున్నాయి. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని బయలుదేరాను.

సగం దూరం బాగానే పోయాం. ఆ తర్వాత ముందు చక్రం కింద ఒక రాయి దొర్లింది. జీపు ఒక్కసారిగా పక్కకు కూలబడింది. ధడేల్‌మని చప్పుడు. పళ్లు కదిలాయి. నేను రెండు కళ్లూ మూసుకున్నాను. జీపు అడుగు చీలిపోయిందనీ, ఇక గేదె సంగతి సరే, మేమే ఈదుకుంటూ పోవాలనీ అనుకున్నాను.

“అమ్మా, బండి కూర్చునింది” అన్నాడు ముసలాయన.

తల బయటపెట్టి చూశాను. నిజంగానే కూర్చుంది. బండరాయి మీద, మేస్త్రి గొట్టం మీద, బరువంతా ఆనించి కూర్చుంది. రేకుకు రాయి తగల్లేదు. నాలుగు చక్రాలకూ బలమిచ్చి మెల్లగా కదిపాను. ఇనుము రాయిని ఒరుసుకుంటూ కర్రుమని అరిచింది. మూరెడు జారింది, ఇంకో మూరెడు. తర్వాత వెనక చక్రానికి పట్టు దొరికి, జీపు ఒక్క ఊపున రాయి దిగింది. ముసలాయన అందరు దేవుళ్లకూ దండం పెట్టి, చివర డాష్‌బోర్డుకు కూడా పెట్టాడు.

గేదె పక్కన బురదలో పడుకుని, భుజం దాకా చెయ్యి పెట్టి దూడను తిప్పడానికి నాకు గంట పైనే పట్టింది. చివరికి దూడ బయటపడింది. పెయ్యదూడ. ముక్కులో గడ్డిపుల్ల పెట్టి తిప్పితే తుమ్మింది. ఆ తుమ్ముకు ముసలాయన అక్కడే బురదలో కూలబడి, నవ్వుతూ ఏడ్చాడు. తల్లి గేదె మాత్రం మా ఇద్దరినీ పట్టించుకోకుండా దూడను నాకడం మొదలుపెట్టింది.

మర్నాడు జీపును షెడ్డుకు తీసుకెళ్లాను. జరిగింది చెప్పేలోపే మేస్త్రి నేల మీద పడుకుని గొట్టం కిందికి చూస్తున్నారు. మూరల పొడవున రంగు లేచిపోయి, లోపలి ఇనుము తెల్లగా మెరుస్తోంది.

“ఏమే, రా! బిన్నా రా! గీత చూడు!” అని కేక పెట్టారు. అక్క తడిచేతులతో వచ్చింది. ఇద్దరూ నేల మీద పడుకుని, తొలి చూలు మనవడి ముఖం చూసినట్టు ఆ గీతను చూశారు. రంగు వేయమంటారా అని అడిగాను.

“తుప్పు పట్టకుండా నూనె రుద్దుతా. రంగెందుకు? పడాల్సిన చోట పడిన గీత అది.” తర్వాత అక్కవంక చూసి, కాస్త బెట్టుగా, “రెండు వేళ్ల సందు లేకపోతే నిన్న రేకు పొయ్యేది” అన్నారు.

“ఎవురు చెప్పినారో” అంది అక్క.

“నువ్వే చెప్పినావు. ఊరంతా చెప్పుకోపో.”

ఊరంతా చెప్పింది ఆమె కాదు, ఆయనే. ఆ తర్వాత షెడ్డుకు వచ్చిన ప్రతి డ్రైవరుకూ పెయ్యదూడ కథ చెప్పి, చివర్లో “మా ఇంటామె కొలతయ్యా అది” అనేవారు. కథలో దూడ ప్రతిసారీ కొంచెం పెద్దదయ్యేది. నేను ఒకసారి విన్నప్పటికి అది దున్నపోతంత ఉంది.

నాకు ఆయన దగ్గర దొరికిందేమిటని ఆలోచిస్తే, గొట్టాలొక్కటే కాదు అనిపిస్తుంది. చేసిన పని తప్పని తెలిశాక, ఎంత అందంగా ఉన్నా కోసెయ్యడం నేను ఆ షెడ్డులోనే చూశాను. ఆ తర్వాత రెండుసార్లు, రైతు ముందు, “నేను మొన్న చెప్పిన మందు తప్పు, మారుస్తున్నాను” అని చెప్పగలిగాను. అంతకుముందు ఆ మాట నా నోట వచ్చేది కాదు.

సమాధి కార్యక్రమానికి ఎక్కడెక్కడి డ్రైవర్లో వచ్చారు. పాస్టరుగారు మేస్త్రి పాడే పాట ఎత్తుకోగానే వాళ్లంతా గొంతు కలిపారు. చర్చి ముఖం ఎప్పుడూ చూడనివాళ్లకు కూడా మూడు చరణాలూ వచ్చు. పాస్టరుగారు ఆశ్చర్యంతో ఒక చరణం తానే మరిచిపోయారు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని దగ్గరికి వెళ్లాను. నవ్వు ఆపుకుంటోంది.

పదిరోజుల తర్వాత షెడ్డుకు వెళ్లాను. లోపల ఒక జీపు నిలబడి ఉంది. పక్క ఊరి రొయ్యల రైతుది. ఒక వైపు గొట్టం బిగించి ఉంది, రెండో వైపు ఖాళీ. మేస్త్రి వదిలి వెళ్లిన ఆఖరి పని. రైతు మొహమాటంగా, “నేను ఇంకెక్కడన్నా చేయించుకుంటాలేక్కా” అంటున్నాడు.

“ఒక పక్క ఎముకతో బండిని ఎట్టా పంపిస్తా?” అంది అక్క.

కావలిలో వెల్డింగు చేసే తన తమ్ముణ్ణి ఆమె అప్పటికే పిలిపించింది. తమ్ముడు పనిమంతుడే. కానీ అక్క ఆ రోజు అతని చేత గొట్టం కాలొకటి రెండుసార్లు కోయించింది. “అక్కా, మీ ఆయన ఎట్టా భరించినాడే నిన్ను!” అని అతను గోల పెట్టాడు. “తిట్టుకుంటా” అంది ఆమె. షెడ్డులో అందరం నవ్వాం, రైతుతో సహా.

రెండో వైపు కూడా పూర్తయ్యాక, అరగదీసి నునుపు చేసే పని ఆమె తనే చేసింది. మధ్యాహ్నం దాటింది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి షెడ్డు బయట ఎండలో వేసి, నన్నొకదాంట్లో కూర్చోబెట్టి, మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. హైవే మీద పోర్టు ట్రెయిలర్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. వాటి గాలికి ఆమె ముడి కొంచెం వదులై, నెరిసిన వెంట్రుకలు ముఖం మీద పడ్డాయి. వాటి నిండా ఇనుప రజను. తల తిప్పినప్పుడల్లా అది సన్నగా మెరుస్తోంది. ఆమె దులుపుకోలేదు. మజ్జిగ తాగుతూ రోడ్డువంకే చూస్తూ కూర్చుంది.