నీటి గీతకు తొంభై సెంటీమీటర్ల కింద

డిప్లొమా అయ్యాక నా మొదటి ఉద్యోగం గోదావరి గట్టున ఒక గీత గీయడం. ఎనభైల్లో ఒక వేసవి. దిగువన ఎప్పుడో కట్టబోయే ఆనకట్ట వెనక నీళ్లు ఎంత ఎత్తున నిలుస్తాయో లెవెల్ యంత్రంతో చూసి, అక్కడ నంబరు వేసిన తెల్ల రాళ్లు పాతించాలి. వాటికి దిగువన ఉన్నవన్నీ ఫారంలో ఎక్కించాలి: ఇళ్లు, బావులు, పశువుల కొట్టాలు, పట్టా భూమిలోని చెట్లు.

భద్రాచలం దాటాక, కొండల మధ్యకు దూరబోయే ముందు నది వెడల్పుగా పరుచుకునే చోట ఒక కోయ పల్లె. తెల్లవారుతుండగా వెదురు తెప్పలు చప్పుడు లేకుండా దిగిపోయేవి. అడవి నేలంతా ఇప్పపూల తియ్యటి వాసన. అడవిలో ఏ ఇప్పచెట్టు ఏ ఇంటిదో ఊరందరికీ తెలుసు. ఫారంలో మాత్రం వాటికి గడి లేదు.

మూడో రోజు పొద్దున వెళ్లేసరికి, మేం ముందురోజు పాతిన రాయి ముందు ఆకుదొప్పలో ఇప్పపూలు పెట్టి ఉన్నాయి. పక్కనే ఒక ముసలామె.

"ఎవల్ది సారూ ఈ రాయి? ఎవలు సచ్చిండ్రు?"

కొలత గొలుసు పట్టడానికి మణుగూరు నుంచి నాతో వచ్చిన చైన్‌మాన్ నవ్వాడు. "గిది సర్కారు రాయి అవ్వా. దీనికి ఆకలి గాదు."

"సచ్చినోళ్లు లేకుండ రాయెందుకు పాతుతరు బిడ్డా? పని లేకనా?"

ఆ ఊళ్లో చనిపోయినవాళ్లకు నిలువు రాయి నాటుతారు. ఒకసారి నాటితే కదిలించరు. కాస్త కిందుగా ఉన్న తన భర్త రాయి దగ్గరికి ఆమె మమ్మల్ని తీసుకెళ్లింది. ఎంత వరదొచ్చినా తడవని చోటు చూసి తాతలు ఆ స్థలం ఎంచారట. వరదలు ఆగిన గుర్తులు చింతచెట్టు మొదట్లో గాట్లుగా ఉన్నాయి. అన్నీ రాళ్లకు కిందే. ఏ యంత్రమూ లేకుండా వేసిన లెక్క, ఒక్కసారీ తప్పలేదు.

"మా ముసలోడు మునుగుతడా? మంచిగ సూడు సారూ."

యంత్రాన్ని ట్రైపాడ్ మీద అక్కడే నిలబెట్టి మూడుసార్లు చూశాను. అందులోని మట్టపు బుడగ సరిచేశాను. కూడికలు మళ్లీ వేశాను. నా లెక్క తప్పితే బాగుండునని కోరుకున్నది జీవితంలో ఆ ఒక్కరోజే. ఆ రాయి తల మా గీతకు తొంభై సెంటీమీటర్ల కింద ఉంది.

మునుగుతుందనే చెప్పాను. ఫారం చివర 'ఇతరములు' అన్నచోట 'నిలువు రాళ్లు' అని రాశాను. అది ఎవరైనా చదువుతారని నాకే నమ్మకం లేదు.

"నీళ్లు ఎప్పుడొస్తయి?"

"తెల్వదు అవ్వా. చాన ఏండ్లు పట్టొచ్చు," అన్నాడు చైన్‌మాన్.

"గప్పటికి నేను గూడ ఈడనే ఉంట," అని తన రాయి కోసం అనుకున్న చోటు చూపించింది. భర్త పక్కనే. సరిగ్గా నా ట్రైపాడ్ కాళ్ల మధ్య.

గబుక్కున ఎత్తి పక్కకు జరిపాను. ఎక్కడ పెట్టినా లెక్క అదే వస్తుంది.