మూసి ఉన్న తలుపు, చిచ్చుబుడ్డి వెలుగు

మొన్న దీపావళికి మా నాచారం సందులో పిల్లలు కాకరపువ్వొత్తులు అంటించగానే ఆ ఘాటు పొగ గొంతులోకి పోయి దగ్గొచ్చింది. దగ్గుతూనే నవ్వుకున్నాను. ఆ పొగలో నాకు ఎప్పుడూ సుభద్ర టీచరే కనిపిస్తారు. మా బడిలో డ్రాయింగ్ చెప్పేవారు. కృష్ణా జిల్లా మనిషి. భర్తకు మల్లాపూర్ ఫ్యాక్టరీలో పని దొరికితే వచ్చి, ఆయన పోయాక కూడా మా ఇంటికి ఎదురింట్లోనే ఒంటరిగా ఉండిపోయారు.

ఎనిమిదో తరగతిలో దీపావళి బొమ్మ వెయ్యమన్నారు. నేను కాగితం నిండా రాకెట్లు వేసి, ఎర్ర క్రేయాను అరగదీసి, గొప్పగా చూపించాను.

"బాగుందే. ఎవరు చూస్తున్నారు ఇవన్నీ?"

"ఎవ్వరు లేరు టీచర్."

"మరి ఎవరి కోసం కాల్చినట్టే, పిచ్చిమొహమా!"

మర్నాడు ఒక పాత చిత్రం నకలు తెచ్చారు. నవాబుల కాలం నాటిదట. మేడ మీద ఆడవాళ్ళు పువ్వొత్తులు పట్టుకుని ఉన్నారు. నిప్పుకి నాలుగు బంగారు చుక్కలు పెట్టి ఊరుకున్న చిత్రకారుడు తన పనితనమంతా ఆ ముఖాల్లో చూపించాడు. ఒకామె భయంతో కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి చూస్తోంది. ఆ పండగకి టీచర్ మమ్మల్ని సందులో పటాకులకి వీపు పెట్టి, చూసేవాళ్ళ ముఖాలు చూడమని కూర్చోబెట్టారు.

"పైసలు వెట్టి పటాకులు దెస్తే, అటు సూడక గిటు సూస్తరేందే!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది.

నేను మాత్రం బాపును, మా నాన్నను చూశాను. డ్యూటీ నుంచి వస్తే ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు. అలాంటి మనిషి చిచ్చుబుడ్డి ముందు నోరు తెరుచుకుని చంటిపిల్లాడిలా నవ్వుతున్నాడు. ఆ రోజు నుంచి నాకు బాపు అంటే భయం పోయింది.

తర్వాత ఉద్యమం రోజులొచ్చాయి. ఉప్పల్‌లో ఏ ఊరేగింపు జరిగినా నేనుండాల్సిందే, గొంతు పోయేదాకా అరవాల్సిందే. అదే సమయంలో టీచర్ అన్నయ్య ఫోన్ మీద ఫోన్ చేసి, ఇల్లు అమ్మేసి తమ ఊరికి వచ్చెయ్యమంటున్నాడు. అడిగితే ఆవిడ "చూద్దాం లేవే" అని ఊరుకునేవారు. తెలంగాణ రావాలి, టీచర్ పోకూడదు. ఈ రెండూ ఒకే గుండెలో పెట్టుకుని నేను పడ్డ అవస్థ పగవాళ్ళకి కూడా వద్దు.

రాష్ట్రం ఖాయమైన సాయంత్రం సందంతా గులాలు, డప్పులు, పటాకులు. టీచర్ తలుపు మాత్రం మూసి ఉంది. నేను మా గుమ్మంలోనే ఆగిపోయాను. నన్ను చూసి బాపే వెళ్ళి తట్టాడు.

"టీచరమ్మా, జర బయటికి రండి."

తలుపు తెరుచుకుంది. టీచర్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "మీ పండగలో నేనెందుకండీ అని..."

"గట్లంటరేందమ్మా! మీరు పోతరేమోనని మా బిడ్డ పొద్దుగాల సంది ముద్ద ముట్టలే."

"ఎక్కడికి పోతానే? పొద్దున్నే అన్నయ్యకి చెప్పేశాను, రానని," అన్నారు. "కానీ ఎవరైనా పిలుస్తారా, లేదా అని ఇందాకటి నుంచి తలుపు వెనకే నిలబడ్డాను."

నేను వాటేసుకుని ఏడ్చాను. బాపు అగ్గిపెట్టె ఆవిడ చేతిలో పెట్టి, "మొదటి చిచ్చుబుడ్డి మీరే అంటించాలె" అన్నాడు.

టీచర్ చివరిదాకా ఆ ఇంట్లోనే ఉన్నారు. ఇప్పుడు నేనూ పిల్లలకి బొమ్మలు నేర్పుతున్నాను. మా సందులో ఏ సంబరమైనా ముందు ఎవరి తలుపు మూసి ఉందో చూస్తాను. వెళ్ళి తడతాను.