మిల్లు హోరులో సాయిలు

2022లో నేను నిజామాబాద్‌లోని ఒక ప్రభుత్వ శిక్షణ కేంద్రంలో ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని. శిక్షణ ముగిసిన పిల్లలకు ఉద్యోగం చూపించడం నా పని. పుట్టు చెవుడున్న సాయిలు ఆ ఏడాది ఫిట్టర్ కోర్సు, అంటే యంత్రాలు బిగించి బాగుచేసే పని, పూర్తిచేశాడు. సిరికొండ నుంచి తల్లి లచ్చవ్వ వెంట వచ్చేది. వాళ్లిద్దరికీ ఇంట్లో పుట్టిన సైగలు కొన్ని ఉండేవి. నా ప్రశ్న ఆమె చేతులతో చెప్పేది, అతని జవాబు ఆమె నోటితో వచ్చేది.

"నేనున్నన్ని దినాలు పర్వాలేదు సారూ. నేను పోయినంక వీని మాట ఎవలికి సమజైతది?" అని ఒకరోజు అడిగింది.

అప్రెంటిస్‌గా, అంటే పని నేర్చుకునేవాడిగా చేర్చుకుంటే భత్యంలో కొంత ప్రభుత్వమే భరిస్తుంది. అందుకని యజమానులు సాధారణంగా కాదనరు. సాయిలును చూస్తే మాత్రం అందరూ తల అడ్డంగా ఊపారు. చివరికి బోధన్ దగ్గర ఒక రైస్‌మిల్లుకు తీసుకెళ్లాను. మిల్లు యజమాని సేటు చాయ్ తాగించి మరీ కాదన్నాడు.

"బెల్టు తెగితే కేకేస్తం సార్. ఈ పిల్లగానికి ఇనబడకపాయె. పానం మీదికొస్తే జిమ్మేదారెవలు?"

అతని భయం నిజమైనదే. అయినా నాకు ఒళ్లు మండింది. ఒక్కసారి లోపల చూపించమన్నాను. మిల్లు నడుస్తోంది. పక్కనే ఉన్న సేటు మాట కూడా నాకు వినబడలేదు. అతను రెండు వేళ్లెత్తాడు, అవతలి ఆపరేటర్ రెండో మోటారు ఆపాడు. అరచేయి బోర్లించాడు, హమాలీలు బస్తాలు దించారు.

బయటికొచ్చాక అడిగాను: "లోపల మీరు ఎవర్ని కేకేసిండ్రు సేటూ?"

అతను వెనక్కి తిరిగి మిల్లు వైపు చూశాడు.

"బెల్టుల కాడ ఎర్ర బల్బు పెట్టిస్త. నెల రోజులు సూస్త, రమ్మనుండ్రి."

నెల తిరిగాక లచ్చవ్వతో కలిసి వెళ్లాను. షెడ్డు తలుపు దగ్గర నిలబడ్డాం. ఆపరేటర్ చేతులతో ఏదో అన్నాడు. సాయిలు పొట్ట పట్టుకుని నవ్వి, తనూ ఏదో అన్నాడు. హమాలీలంతా నవ్వారు.

లచ్చవ్వ నా వైపు తిరిగింది. "ఏమన్నడు సారూ మావోడు? గా సైగలు నాకు రావు."

నాకూ రావన్నాను. ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. ఉద్యోగం చూపించడమంటే జీతం చూపించడమేనని అన్నాళ్లూ అనుకున్నాను. మనిషికి నలుగురి మాటల్లో చోటు కావాలని, తల్లి ఎంత ప్రేమించినా ఆ నలుగురు కాలేదని ఆ తలుపు దగ్గరే తెలిసింది.