ఎర్రవాలు కుండమొక్కలు

సిందాయి ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేవదు. నరికింది సొంత తమ్ముడు మొతుంగల్.

కినబాలు కొండ కింద వాళ్ల ఎర్రవాలు మట్టిలో సారం లేదు. గడ్డి కూడా విసుక్కుంటూ మొలుస్తుంది. కుండమొక్క మాత్రం ఆకు కొననే కుండగా ఉబ్బించి, నేల పెట్టని తిండిని గాలిలోంచి పట్టుకోవడం నేర్చింది. అంచు మీద తేనె, తడిస్తే నూనె రాసినంత జారుడు. జారిన చీమ పుల్లనీళ్లలో కొట్టుకుని కొట్టుకుని కరిగిపోతుంది. పెద్ద కుండల మీద ఉడతల్లాంటి చెట్టుచుంచులు కూర్చుని, మూత నాకి, లోపలే పెంట వేసి పోతాయి. మొక్కకు అదీ తిండే.

తల్లిని అడవిపంది చీల్చేశాక సిందాయే తమ్ముణ్ణి పెంచింది. ముదురు కుండలు కోసి, కడిగి, బియ్యం కూరి ఆవిరి మీద వండిపెట్టింది. వేరు ముట్టకూడదని వాడికి చెప్పిందీ ఆమే.

ఒక వానమధ్యాహ్నం వాడు మొక్కల్ని వేళ్లతో సహా పెకలించి గోనెలో కుక్కుతూ కనబడ్డాడు.

"దించరా."

"పట్నంలో కొంటారక్కా. పురుగులు తినే కలుపుకి ఇంత ఏడుపా?"

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లని చూశాను. పీకి అమ్ముకునేవాణ్ణి నిన్నే చూస్తున్నా!"

గోనె లాగింది. వాడు వదలకపోతే మణికట్టు కొరికింది. వాడు నడుముకున్న కత్తి దూసి వేటు వేశాడు. భుజంలో ఎముక దాకా దిగింది. ఆమె గోనె వదిలేసరికి వాడు వెనక్కి తూలి, తడిరాయి మీద జారి, దొర్లిపోయాడు. కాలి ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది.

"అక్కా, నీళ్లు!" పక్కనున్న కుండ మీదికి చెయ్యి చాపాడు.

"అది కాదు, వెధవా! అందులో అన్నీ శవాలే."

మూత విడని లేతకుండను పళ్లతో చింపి, పురుగు పడని ఆ నీళ్లు సగం వాడి నోట్లో, సగం తన గాయం మీద పోసింది.

తోబుట్టువుల మధ్య నెత్తురు పడితే నేల కాగుతుందని ఊళ్లో నమ్మకం. పందిని కోసి చల్లార్చేదాకా ఇద్దరూ ఒక పొయ్యి దగ్గర తినకూడదు. ఊరిపెద్ద గింపుల్ పందిని తెప్పించాడు. సిందాయి అడ్డం కూర్చుంది.

"పీకినవాటిని వాడే నాటాలి. ఒక్కటి బతికినా చాలు. అప్పుడే పంది కోత."

"అన్నీ చస్తే?" అన్నాడు గింపుల్.

"వాడికి అక్క లేదు."

విరిగిన కాలు ఈడ్చుకుంటూ, వాలు మీద పాకుతూ మొతుంగల్ నాటాడు. వరసగా కుళ్లాయి. ఆఖరికి ఒక్కటి చిగురేసింది. ఆకు కొన సూదిమొనంత ఉబ్బింది.

పందిని తనే కోస్తానంది సిందాయి. ఒంటిచేత్తో కోయడంవల్ల అది చాలాసేపు అరిచింది. కాళ్లు మొతుంగల్ పట్టుకున్నాడు.