కల్లిరోయి విన్న చప్పుడు

గ్రీసు దీవి సాంటొరీనిలో మా ఊళ్ళో కల్లిరోయి వదిన చేసే విన్‌సాంటోకి పేరుంది. ఆగస్టులో కోసిన ద్రాక్షగుత్తులను డాబామీద పన్నెండు రోజులు ఎండబెట్టి, ముడతలు పడ్డాక తొక్కి, ఆ రసాన్ని ఏళ్ళతరబడి పీపాల్లో ఊరనిస్తే ఆ తియ్యటి వైన్ తయారవుతుంది. పీపాలుండే గుహ ఆమె ఇంటి కిందే, కొండలోకి తొలిచి ఉండేది.

పందొమ్మిదివందల యాభైఆరు జూలైలో ఒక సాయంత్రం మొగుడు మార్కెలోస్‌తో ఆమెకు తగువైంది. ఆమె పుట్టింటికి వెళ్దామంటే ఆయన పీపాలు కడుగుతూ కదల్లేదు.

“నీ పెళ్ళాం నేనా, ఆ పీపాలా? పోయి వాటితోనే కాపరం చెయ్యి!”

“అవైతే నోరెత్తవు కదే,” అని నవ్వుకుంటూ ఆయన దుప్పటి భుజాన వేసుకుని గుహలోకి దిగాడు.

తెల్లారుతుండగా భూకంపం వచ్చింది. ఇల్లు నిలిచింది. గుహ ముందుభాగం కూలిపోయింది.

నేను వాళ్ళ పక్కింటివాణ్ణి. మగవాళ్ళందరితోపాటు నేనూ పలుగు పట్టాను. లోపల్నుంచి ఎవరో తడుతున్నారని వదిన అరిచింది. రెండోరోజు భూమి మళ్ళీ కదిలింది. రాళ్ళు దొర్లి మాలో ఒకడి కాలు నలిగింది.

“ఇంకా తడుతున్నాడు జన్నీ! వినపడలేదురా?” అని వదిన నన్నడిగింది.

మేమందరం తలలు అడ్డంగా ఊపాం. పలుగులు కింద పెట్టేశాం.

ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు ఆమె ఆ డాబామీదే ద్రాక్ష ఎండబెట్టింది. గుత్తులు తిప్పుతూ తిప్పుతూ మధ్యలో మోకాళ్ళమీద వంగి చెవి నేలకు ఆనించేది. “ఇక్కడే ఉన్నాలే,” అనేది. పిచ్చిదన్నారు ఊళ్ళోవాళ్ళు.

డెబ్భైనాలుగులో రోడ్డు వేసేవాళ్ళు ఆ వాలుకు గట్టి గోడ కట్టారు. ఇక రాళ్ళు జారవన్న ధైర్యంతో మళ్ళీ తవ్వాం. మార్కెలోస్ గుమ్మంలోనే దొరికాడు, మొదట పడ్డ బండ కింద.

“తలమీదే పడిందమ్మా. క్షణంలో పోయాడు, నొప్పి కూడా తెలిసుండదు,” అన్నాడు డాక్టరు.

“మరి తట్టిందెవరు?” అంది వదిన.

ఆ సాయంత్రం మార్కెలోస్‌ను పూడ్చిపెట్టాం.

గుహ చివర ఒక పీపా చెక్కుచెదరకుండా ఉంది. అందులోంచి ఒక చెంబుడు వైన్ తెచ్చి వదిన ఆయన సమాధిమీద పోసింది. అందరూ వెళ్ళిపోయారు. నేను కదలలేకపోయాను.

“వదినా, ఆ రెండోరోజు నాకూ వినపడింది. మూడుసార్లు. బండ నామీద పడుతుందని భయపడి లేదన్నాను.”

“తెలుసు. అప్పుడే నీ మొహం చూశాను.”

“మరి ఇన్నేళ్ళూ ఒక్కమాటా అనలేదేం?”

“అంటే నువ్వు మా గుమ్మం తొక్కేవాడివా? నాతోపాటు విన్నవాడివి నువ్వొక్కడివే కదరా.”

చెంబులో మిగిలింది నా చేతికిచ్చింది. తాగాను.

వదిన నిరుడు పోయింది. ఆ ఇంటికి తాళం వేసి ఉంది. తోటకు దాని ముందునుంచే దగ్గరి దారైనా, ఏమైనా వినపడుతుందేమోనని నేను చర్చి వెనకనుంచి చుట్టూ తిరిగి వెళ్తాను.