ఇసుకదిబ్బలో చిల్లుకాణీ

ఉప్పుదిబ్బ పాళెంలో పుట్టిన పిల్లల్లో సగంమంది మొట్టమొదట చూసింది ఎలిశబెతమ్మ మొహాన్నే. చేపలు పట్టుకు బతికే ఆ ఊళ్లో అందరూ అంకాలమ్మకు మొక్కేవాళ్లు, ఆమె ఒక్కతే ఆదివారం ప్రార్థనకు పోయేది. నొప్పులు మొదలైన ఇంట్లో ఆ తేడా ఎవరికీ గుర్తుండేది కాదు. "అక్కా, రాగలవా?" అని వాకిట్లో పిలుపు వినబడితే చాలు, కొంగు బిగించి బయలుదేరేది. బొడ్డు కోసేది ఆమే. పురుడు తీరినరోజు తల్లి కోరితే బిడ్డకు నల్ల మొలతాడు కట్టేదీ ఆమే. చావు సంగతులు మాత్రం ఆమెకు తెలియవు. ఆ పాళెంలో శవం వెంట ఆడవాళ్లు దిబ్బకు పోరు.

ఆమె భర్త సమాధానం అయ్యవారు మిషను బడిలో పాఠాలు చెప్పడానికి దొరవారిసత్రం నుంచి అక్కడికి వచ్చినాడు. వాళ్లకు ఒక్కడే కొడుకు, హెబ్రోను. పక్కింటి పేరమ్మ వాణ్ణి చంక దించేది కాదు. వాడు తప్పటడుగులు వేసేటప్పుడు దిష్టి తగలకూడదని వాడి మొలతాడుకు చిల్లుకాణీ ఒకటి కట్టింది. యుద్ధకాలంలో లోహానికి కరువొచ్చి సర్కారు నడిమధ్య చిల్లుపెట్టి వదిలిన కాణీ అది. "ఇదేం నమ్మకం పేరమ్మా" అన్నాడే గాని అయ్యవారు దాన్ని విప్పలేదు. ప్రేమగా వేసిన ముడి విప్పడానికి ఆయనకు చేతులు రాలేదు.

హెబ్రోనుకు మూడేళ్లు నిండకముందే ఊళ్లోకి మసూచి వచ్చింది. తల్లికీ కొడుక్కీ ఒకేసారి పోసింది. ఎలిశబెతమ్మ ఒళ్లు తెలియకుండా పడివున్న పూట బిడ్డ పోయినాడు. వానలకు దారి మునిగి దొరవారిసత్రంలోని సమాధుల తోటకు తీసుకుపోయే వీలు లేదు. ఆ ఇంటి గడప తొక్కడానికే జనం జంకుతున్న రోజులు. పేరమ్మ మొగుడు పోలేరయ్య ఒక్కడు పార భుజాన వేసుకుని వచ్చినాడు. అయ్యవారూ అతనూ కలిసి సముద్రం పక్కనున్న ఇసుకదిబ్బలో బిడ్డను పెట్టి, తాటిబద్దలతో సిలువ పాతి వచ్చినారు. తర్వాతి తుపానుకు ఆ సిలువ ఎటుపోయిందో తెలియదు. దిబ్బ మాత్రం కుదురుగా ఉండేదా? గాలి ఎటు తోస్తే అటు జరిగేది.

కొన్నేళ్లకు అయ్యవారూ పోయినాడు. ఆయన్ను సత్రంలో పెట్టినారు. ఆయన పక్కన కాస్త జాగా ఎలిశబెతమ్మ అడిగి ఉంచుకుంది. అది తనకోసం కాదు, కొడుకు కోసం. "బూర మోగి చచ్చినవాళ్లు లేచే రోజున ఏ ఇసుకా వాడికి అడ్డం రాదమ్మా" అన్నాడు పాస్టరుగారు. "అది నాకూ తెలుసయ్యగారూ. లేచి కళ్లు తెరిచినప్పుడు పక్కన నాయన లేకపోతే వాడు బెదురుకుంటాడు" అంది.

అరవైమూడులో అడవిశాఖవాళ్లు దండోరా వేయించినారు. ఇసుక ఊరి మీదికి రాకుండా దిబ్బంతా సరుగుడు మొక్కలు నాటిస్తారట. సోమవారం గుంటలు మొదలు. మొక్క వేరు పట్టినాక అక్కడ ఎవర్నీ పార వేయనివ్వరు. ఆ దండోరా విన్న దగ్గరనుంచి ఎలిశబెతమ్మకు ముద్ద దిగడం లేదు.

ఆ వారంలోనే పరంజ్యోతి ఊళ్లోకి దిగినాడు. కోవూరువాడు, పాళెంలో అందరికీ తెలిసినవాడే. పట్టాళంలో పాతిపెట్టిన మందుపాతరలు వెతికే పని చేసి వచ్చి, ఇప్పుడు మద్రాసులో పాత ఇనుం కొనే షావుకారు దగ్గర ఉన్నాడు. అతని దగ్గర రెండు మిషన్లు ఉన్నాయి. ఒకటి పట్టాళం వదిలేసింది, పొడుగు కర్రకు చాటంత పళ్లెం. రెండోది నాయుడుపేట రేడియో షాపతను జల్లెడంత తీగచుట్టతో కట్టిచ్చింది. చెవులకు డిప్పలు తగిలించుకుని పేరమ్మ ఇంటి ముందు ఇసుకలో వాటిని అటూ ఇటూ ఆడిస్తున్నాడు.

"ఏం పరంజ్యోతీ, ఇసకకు జొరమా? డాక్టరు మాదిరి చెవులకు తగిలించుకుని చూస్తా ఉండావే" అంది పేరమ్మ.

"జొరం ఇసకకు కాదు పిన్నీ, మా షావుకారికి. తుపాను వెనక ఒడ్డున పాత నాణేలు బయటపడతా ఉండాయని ఎవడో ఊదినాడు. ఏ మిషను నాణేన్ని ఎక్కువ లోతున పట్టుద్దో చూసి చెప్పమన్నాడు."

ఎలిశబెతమ్మ అక్కడే నిలబడిపోయింది. మెల్లిగా అడిగింది. "చిల్లుకాణీని పడతదా నాయనా?"

పేరమ్మ మొహం మారింది. తన తాళంచెవికి కట్టుకున్న చిల్లుకాణీ ఊడదీసి ఇచ్చింది.

పరంజ్యోతి దాన్ని బెత్తెడు లోతున పూడ్చినాడు. రెండు మిషన్లూ పలికినాయి. జాన లోతుకు దించేసరికి పట్టాళం మిషను నోరు మూసుకుంది, రేడియో షాపు మిషను మాత్రం సన్నగా పలికింది. ఇంకో రెండువేళ్లు దించితే అదీ లేదు. మూరెడు లోతున రెండింటికీ ఏమీ వినబడలేదు.

"ఈ పెద్దది లంగరు గొలుసునయితే నడుంలోతునా పడతది. చిన్న కాణీ దీనికి ఆనదమ్మా. ఈ చిన్న మిషనుకు ఆనతది గాని జానకు మించి దిగదు. ఉప్పునీళ్లు తగిలిన ఇసకలో రెండూ ఊరికే అరస్తాయి." ఆమె మొహం చూసి ఆగినాడు. "ఏండ్ల తరబడి భూమిలో ఉన్న కాణీ చిలుం పట్టి చుట్టూ ఇసకలోకి పాకుతదంట. అట్టాంటిది ఇంకాస్త లోతునా పలకతదని మా హవల్దారు చెప్పేవాడు. నేనయితే చూళ్లేదు."

ఆ చివరి మాట ఆమె వినలేదు. "గాలి పై ఇసక తీసేసి ఉంటే?" అంది.

"ఉంటే" అన్నాడు పరంజ్యోతి. అతని భార్య తొలికాన్పుకు నాయుడుపేటలో చుట్టాలింట ఉండి బిడ్డ అడ్డం తిరిగితే, బండిలో పోయి తల్లినీ బిడ్డనూ దక్కించింది ఈ ఎలిశబెతమ్మే. షావుకారి పని పక్కనపెట్టి చిన్న మిషను భుజాన వేసుకున్నాడు.

పోలేరయ్య ఉంటే చోటు చూపించేవాడు. అతను పులికాటు చెరువులో రొయ్యల వేటకు పోయినాడు, శనివారం గాని రాడు. అందాకా పేరమ్మ చూచాయగా చెప్పిన వైపు వెతికినారు. మిషను పలికినప్పుడల్లా ఎలిశబెతమ్మ మోకాళ్లమీద కూర్చుని చేతులతోనే తవ్వేది.

"పార తీసుకోమ్మా, గోళ్లు పోతాయి."

"పార వద్దు నాయనా. వాడికి తగులుద్ది."

వలకు కట్టే సీసం గుండు దొరికింది. పడవ మేకులు దొరికినాయి. తుప్పు పట్టిన డబ్బా మూత దొరికింది. దొరికినదాన్నల్లా ఆమె పైటతో తుడిచి చూసి పక్కన పెట్టేది. పేరమ్మ మధ్యాహ్నం గంజి, ఉప్పుచేప తెచ్చి పరంజ్యోతికి పెట్టి, ఎలిశబెతమ్మ వేళ్లకు ఆముదం రాసి పోయేది. గాలి మాత్రం ఆగలేదు. పొద్దున తీసిన గుంటలు మాపటికి పూడిపోయేవి.

శనివారం పొద్దు వాలకముందే పోలేరయ్య తడి పంచెతోనే, పార భుజాన వేసుకుని దిబ్బ ఎక్కి వచ్చినాడు. చుట్టూ చూసి చేయెత్తి, ఎటూ చూపలేక దించినాడు. "అప్పుడు ఇక్కడ మూడు తాటిమాన్లు ఉండె అక్కా. వాటికి తూరుపుగా పెట్టినాం. ఆ మాన్లే లేవు ఇప్పుడు."

"ఎంత లోతు తీసినావు?"

"నా రొమ్ములోతు. నక్కలు తవ్వకుండా."

పరంజ్యోతి తల వంచుకున్నాడు. ఎలిశబెతమ్మ "గాలి కొంత తీసుంటది" అంది.

పోలేరయ్య మిషను వైపు చూసినాడు. "ఇంతకీ ఇది దేన్ని వెతకతా ఉండాది?"

"బిడ్డ మొలకు నేను కట్టలా? ఆ కాణీని" అంది పేరమ్మ.

అతను పార కింద పెట్టి ఇసుకలో కూర్చున్నాడు.

"అక్కా, బిడ్డ ఒంటిమీద కాణీ లేదు. మట్టి చేసేటప్పుడు మొలతాడు తెంపకుండా ఎట్టా పెడతాం? మాలో అది ఆచారం. కట్టు తెగితేగాని పోయే ప్రాణం కదలదంటారు. అయ్యవారు బిడ్డను అందుకోను గుంటలో దిగి ఉండారు, కళ్లనిండా నీళ్లు. నేను పైన తెంపి కాణీతోసహా సముద్రంలోకి ఇసిరేసినా. మీ వాళ్లలో ఏం చేస్తారో నాకు తెలవదు. నా బిడ్డకయితే ఏం చేస్తానో అదే చేసినా."

ఎలిశబెతమ్మ అతని చేతుల వంక చూసింది. ఊరంతా తలుపులు వేసుకున్న రోజున, ఒళ్లంతా పొక్కుల్తో ఉన్న తన బిడ్డను ఎత్తిన చేతులు. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. కోపం వచ్చినా కొంత బాగుండేది.

"నువ్వు మోసుకొచ్చినావు గదా" అంది. "బరువున్నాడా?"

"లేదక్కా. చిక్కిపోయి ఉండాడు. ఆరిన వల మాదిరి ఉండె చేతులమీద."

పేరమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. కిందనుంచి అడవిశాఖ బండి వస్తున్న చప్పుడు వినబడింది. తట్టల్లో సరుగుడు మొక్కలు, పచ్చగా, జానెడేసి. కూలీలు వాటిని దిబ్బ మొదట్లో దించి, ఎండకు వాడకుండా నీళ్లు చల్లుతున్నారు.

"నాయనా" అంది ఎలిశబెతమ్మ, "ఆ డిప్పలు నాకొకసారి పెట్టు."

పరంజ్యోతి తన చెవులనుంచి తీసి, ఆమె తలమీది కొంగు సర్ది తగిలించినాడు. తీగచుట్టను ఇసుకమీద ఆనించి పట్టుకున్నాడు. డిప్పల్లో తుమ్మెద మోత లాంటిది ఒకటే వినబడుతోంది, పెరగకుండా, తగ్గకుండా. ఆమె కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నారు మిగతావాళ్లు. ఆమెకు ప్రార్థన కూడా రావడం లేదు, కొడుకు పేరే వస్తోంది.

బ్యాటరీ అయిపోవచ్చిందని పరంజ్యోతికి తెలుసు. మీట ఆపలేదు. తీగచుట్టను మెల్లిగా, వరసతప్పకుండా, వెతుకుతున్నట్టే జరుపుతూ ఆమె పక్కన నడిచినాడు. ఆమె అతని భుజం పట్టుకుని నడిచింది. వెనకనే పోలేరయ్య పార పట్టుకుని వచ్చినాడు, ఎక్కడా తవ్వమనరని తెలిసి కూడా.

దిబ్బ ఆ చివరకు పోయేసరికి మోత పలచబడి, వినీవినబడకుండా అయి, ఆగిపోయింది. ఆమె ఇంకా కొంతసేపు చెవులకు అట్లాగే ఉంచుకుంది. తర్వాత తీసి, కొంగుతో ఇసుక తుడిచి, పరంజ్యోతి చేతికిచ్చింది.