దీక్షా శిబిరంల పారేసిన పంపు

నాకు మాటలు ఎక్కువ. బీడీలు చేస్తుంటే చేతులు ఎంత జోరు నడుస్తయో, నోరు గంతే జోరు నడుస్తది. అసొంటి నేను ఒకనాడు పగటీలి వాకిట్ల కూసోని, పక్కింటోళ్ల పెండ్లిల అయిన లొల్లి చెప్పుకుంట చెప్పుకుంట నడిమిట్ల ఆగిపోయిన. చెప్పాల్సిన మాట యాదికున్నది, కని దాన్ని బయటికి తోసేటంత గాలి లేదు. రొమ్ము మీద ఎవలో బియ్యం బస్త వెట్టినట్టయింది.

మా అవ్వ చాట మీదికెల్లి తల లేపకుంటనే అన్నది, "ఏందే స్వరూపా, పెండ్లిపిల్లను మండపంలనే ఇడిసిపెట్టినవ్? ముంగటికి చెప్పు."

నేను చెయ్యి ఊపిన. అప్పుడు చూసింది నా మొకం. చాట పక్కకు వడేసి లేసింది.

మాది సిద్దిపేటనే. ఇంట్ల నన్ను గన్న అవ్వ, నేను. నాయిన భీవండిల మగ్గాల మీద పని చేస్తుండె. పదోది కాంగనే నేను బీడీల చాట పట్టిన. పొద్దంత ఒళ్లె తంబాకు, తునికాకు. తుమ్ములు, దగ్గు మా వాడకట్టుల అందరికి ఉన్నయే, అందుకే ముందుగల పట్టిచ్చుకోలె. దగ్గు మందు తాగిన, మిర్యాల కషాయం తాగిన. నెల దినాలకు మెట్లు ఎక్కుతుంటె లోపట పిల్లి కూసినట్టు సప్పుడు రావట్టింది. ఇగ అవ్వ నన్ను దవాఖానకు తీస్కపోయింది.

డాక్టరమ్మ ఈపు మీద గొట్టం వెట్టి ఇని, ఆ పిల్లికూతనే వీజింగ్ అంటరన్నది. ఎక్స్‌రే తీసిన్రు, అది మంచిగనే వచ్చింది. తర్వాత స్పైరోమెట్రీ అని ఒక మిషన్ల ఊదమన్నరు. నర్సు పక్కన నిలవడి "ఊదు, ఊదు, ఇంకా ఊదు, ఆపకు" అని ఒకటే ఒర్లుడు. నాకంటె గట్టిగ ఒర్లే ఆడమనిషిని గప్పుడే చూసిన. కాయితం చూసి డాక్టరమ్మ, "ఇది ఆస్తమా. తంబాకు దుమ్ముతోని ఎక్కువైతుంది. భయపడకు, కంట్రోల్‌ల ఉంటది" అన్నది. రెండు ఇన్‌హేలర్లు రాసిచ్చింది. మేం వాటిని పంపులంటం. కాఫీ రంగుది రోజు పొద్దుమాపు, నీలం రంగుది దమ్ము వచ్చి ఊపిరాడనప్పుడు.

వారంల తేడా కనవడ్డది. కని వాడకట్టుల మాటలు ఆగవు గద. పంపు ఒక్కపారి మూతికి వెడితె సచ్చేదాంక ఇడవదని ఒకామె, పిల్లకు రోగమున్నదని సంబంధాలు రావని ఒకామె. నేను తలుపు సాటుకు వోయి పీల్చుకునేదాన్ని. నీలందాన్ని కొంగున ముడేసుకొని తిరిగేదాన్ని, ఎవలకు కనవడకుంట.

దాని ఎనక ఇంకో రోగం వచ్చింది. దమ్ము లేకున్నా, వస్తదేమో అని భయం. కూసున్నకాడ గుండె దడదడ, వేళ్లకు తిమ్మిర్లు, మూతి చుట్టు చీమలు వాకినట్టు. సచ్చిపోతున్న అనిపిచ్చేది. డాక్టరమ్మ వేలికి చిన్న మిషన్ పెట్టి ఆక్సిజన్ చూసి, ఇది ఆస్తమా కాదు, ప్యానిక్ అటాక్, భయంతోని నువ్వు మరీ జల్ది జల్ది గాలి పీలుస్తున్నవ్, అందుకే తిమ్మిర్లు అని చెప్పింది. నిమ్మలంగ గాలి పీల్చుడు నేర్చుకొమ్మన్నది. ఎవల దగ్గర నేర్చుకోవాలె? గది చెప్పలె.

గప్పుడు తెలంగాణ కోసం సమ్మె నడుస్తుంది. బస్సులు బంద్, బడులు బంద్. రోడ్డు మీద టెంటు ఏసి రిలే దీక్షలు. దినానికి ఒక పనోళ్ల వంతు. ఏ పనోళ్లు ఆ పని రోడ్డు మీదనే చేసి నిరసన తెలుపాలె. దర్జీలు మిషన్లు తెచ్చి కుట్టిన్రు, కుమ్మరోళ్లు సారె తిప్పిన్రు. మా వంతు నాడు మేం చాటలు పట్కపోయి నడిరోడ్డు మీద బీడీలు చేసినం. గాడనే కనవడ్డడు రాజయ్య సారు.

సారు నాకు బడిల డ్రిల్లు చెప్పినోడు. బడి బంద్ గద, వంతు లేకున్నా రోజు పొద్దుగాల టెంటు ముంగట జనాన్ని కూసోవెట్టి ప్రాణాయామం చేపిస్తుండె. భుజానికి బట్ట సంచి, తెల్ల అంగి. నన్ను గుర్తువట్టి, "ఏం బిడ్డా, లైన్ల నిలవడి గూడ ముచ్చట వెట్టేదానివి, ఇయ్యాల సప్పుడు లేదేంది?" అన్నడు. నాకు ఏడుపొచ్చింది. అంత చెప్పిన. అవ్వకు గూడ చెప్పని భయం ఆయనకు చెప్పిన.

తెల్లారి నుంచి పోవుడు షురూ చేసిన. నడుం నిటారుగ, కండ్లు మూసి, ముక్కుతోని మూడు లెక్కవెట్టి పీల్చుడు, ఆరు లెక్కవెట్టి ఇడుసుడు. సారు గొంతు మెత్తగ ఉంటుండె, "ఇడువు బిడ్డా, ఇంకా ఇడువు, అంత ఆగమేంది" అంటుండె. అబద్ధం ఎందుకాడాలె, నాకు మస్తు పనిచేసింది. ఇరవై దినాలల్ల భయం సగం తగ్గింది. నిద్ర వట్టింది. గుండె దడ షురూ కాంగనే ఆరు లెక్కవెట్టి ఇడిస్తె, కాగుతున్న పాల మీద నీళ్లు సల్లినట్టు కిందికి దిగేది. డాక్టరమ్మ గూడ సంబురపడ్డది, కని ఒక మాట గట్టిగ చెప్పింది, కాఫీ రంగు పంపు ఒక్కపూట గూడ తప్పద్దని.

ఆ మాట సారుకు చెప్పిన. సారు నవ్విండు. తనకు పదేండ్లు దమ్ము ఉండెనట, పంపు లేంది గడప దాటకపోయేదట, శ్వాసతోనే దాన్ని గెలిచి పంపు పారేసిండట. అందరు ఇనంగ అన్నడు, "మనం ఎవలకు గులాంగిరి చేయమని గద రోడ్డు మీద కూసున్నం. మరి పంపుకు గులాంగిరి ఎందుకు చేయాలె? మన రాష్ట్రం మనది, మన శ్వాస మనది."

ఆ దినాలల్ల అసొంటి మాట ఇంటె రోమాలు లేసేవి. ఉద్యోగాలకు రాజీనామలు చేస్తున్నరు, పదవులు ఇడిసిపెడుతున్నరు. ఇడిసిపెట్టినోడే మనిషి అన్నట్టుండె. నేను లేసిన. కొంగు ముడి ఇప్పి నీలం పంపు తీసి, అందరు చూడంగ టెంటు ఎనక మురికి మోరీల పడేసిన. చప్పట్లు కొట్టిన్రు, జై తెలంగాణ అని లొల్లి. సారు నా నెత్తి మీద చెయ్యి వెట్టిండు. ఇంటికి వోయి కాఫీ రంగుది గూడ పెంటకుప్పల ఏసిన. అవ్వ తిట్టింది. నేను ఇనలె.

పది పన్నెండు దినాలు మంచిగనే ఉన్న. తర్వాత రొమ్ము బిగవట్టుడు షురూ అయింది. ఎవలకు చెప్పలె. నలుగురి ముంగట పారేసినదాన్ని, ఎట్ల చెప్తం?

వంటావార్పు నాడు రోడ్డు పొడుగూత పొయ్యిలు పెట్టినం. కట్టెలు పచ్చివి, ఒకటే పొగ. మా పొయ్యి మీద ఎండుమిరపకాయల పోపు ఏసిన్రు. ఆ గాటు లోపటికి పోయింది, ఇగ నా గొంతు మూసుకున్నది. కింద కూలవడ్డ. సారు ఉరికొచ్చి నా పక్కన మోకాళ్ల మీద కూసున్నడు. "లెక్కవెట్టు బిడ్డా, మూడు పీల్చు, ఆరు ఇడువు." నేను లెక్కవెట్టిన. నిజంగ లెక్కవెట్టిన, ఆయన కండ్లల్లకే చూసుకుంట. ఇడువుదామంటె గాలి బయటికి పోదు, కొత్తది లోపటికి రాదు. ఆయన ఒక చెయ్యి నా ఈపు మీద, ఇంకో చెయ్యి భుజానికున్న సంచిని అదిమి పట్టుకున్నది. ఆ చెయ్యి నాకు ఇప్పటికి కండ్ల ముంగట ఉన్నది.

గాడనే ఉన్న అవ్వ మొత్తుకుంట మెడికల్ షాపు యూసుఫ్ భాయ్ ఇంటికి ఉరికింది. ఆ రోజు దుకాణాలన్ని బంద్. ఆయన షట్టర్ లేపి, నీలం పంపు పట్కొని చెప్పులు లేకుంట ఉరికొచ్చి నా మూతిల పెట్టి కొట్టిండు. ఆటోలు గూడ లేవు. ఆయన బండి మీదనే నన్ను నడుమ కూసోవెట్టి దవాఖానకు తీస్కపోయిన్రు.

ఆక్సిజన్ పెట్టిన్రు, నెబులైజర్ పెట్టిన్రు, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చిన్రు. పెదవులు నీలంగ అయినయట. డాక్టరమ్మ తిట్టలె, అదే ఎక్కువ బాధయింది. మంచం అంచుకు కూసోని చెప్పింది, "శ్వాస ప్రాక్టీసు నీ భయాన్ని తగ్గిస్తది. మనసును నిమ్మలం చేస్తది. కని వాచి మూసుకపోయిన ఊపిరి గొట్టాన్ని తెరవది. దానికి మందే కావాలె. రెండు వేరే వేరే పనులు బిడ్డా."

నాలుగు దినాలకు ఇంటికొచ్చినం. అవ్వ కొత్త పంపులకు షాపుకు వోయి, సారు మీద మస్తు కోపం జేసి వచ్చింది. ఆయనకేం తెలుసు పాపం, మంచికే చెప్పిండు అని నేను సారు దిక్కే మాట్లాడిన. అవ్వ తెచ్చిన పంపులు నా ఒళ్లె వెట్టింది. మెల్లగ చెప్పింది, తను షాపుల సారును తిడుతుంటె యూసుఫ్ భాయ్‌కి గూడ కోపమొచ్చి నోరు జారిండట. సారుకు తెల్వకపోవుడేంది అమ్మా, ఆయన ప్రతి నెల నా కాడనే నీలం పంపు తీస్కపోతడు, సంచిలనే వెట్టుకుంటడు అన్నడట.

నేను నమ్మలె. యూసుఫ్ భాయ్ ఎవలనో చూసి ఎవలనో అనుకున్నడన్న. కని ఆ సంచి మీది చెయ్యి యాదికొచ్చింది. రెండు దినాలు ఆగిన. మూడో దినం సారు ఇంటికే వోయిన. ఒక్కడే ఉన్నడు, పేపర్ చదువుతుండు.

"సారూ, వంటావార్పు నాడు మీ సంచిల పంపు ఉండెనా?"

పేపర్ మడత వెట్టిండు. మల్ల ఇప్పిండు. మల్ల మడత వెట్టిండు.

"ఉండె బిడ్డా."

"మరి ఎందుకు తియ్యలె?"

"అందరు చూస్తుండిరి."

నేను ఏడ్వలె. నోరే రాలె, ఈసారి గాలి ఉన్నా రాలె. ఆయనే చెప్పుకుంట వోయిండు. ఒకప్పుడు నిజంగనే తగ్గిందట, పంపు లేకుంట ఏడాది ఉన్నడట, అప్పటికెల్లి అందరికి చెప్పుడు షురూ చేసిండట. మల్ల వచ్చినంక ఒప్పుకోబుద్ధి కాలేదట. చివరికి, "ఎవలకు చెప్పకు. నన్ను నమ్మి గంతమంది వస్తున్నరు" అన్నడు.

"నేను గూడ నమ్మే వచ్చిన గద సారూ" అని లేసి వచ్చిన.

శిబిరంల నేను పంపు పారేసింది చూసి ఒక పెద్దమ్మ బీపీ గోలీలు బంద్ వెట్టింది. ఆమె ఇంటికి వోయి జరిగింది చెప్పి, మల్ల షురూ చేపిచ్చిన. గంతే, వాడకట్టంత పాకింది. నేను సారును బద్నాం చేస్తున్ననట, ఉద్యమాన్ని పలచన చేస్తున్ననట. చప్పట్లు కొట్టిన చేతులే నన్ను చూసి పక్కకు తిరిగినయి. నాతోని ఒళ్లె చాట వెట్టుకొని నవ్విన దోస్తులు గూడ. అది గూడ మోసమే అనిపిస్తది నాకు.

ఆ కోపానికి శ్వాస ప్రాక్టీసు మొత్తం బంద్ వెట్టిన. పంపులు మాత్రం తప్పలె. దమ్ము కంట్రోల్‌ల ఉన్నది, కని భయం ఎనుకకు వచ్చింది. రెండుసార్లు దవాఖానకు ఉరికితె ఆక్సిజన్ మంచిగనే ఉందన్నరు. డాక్టరమ్మ అడిగితె చెప్పిన, కండ్లు మూస్తె ఆయన గొంతే ఇనవడుతుందని. ఆమె అన్నది, "నేర్పినోడు అబద్ధమాడిండు. నేర్పింది అబద్ధం కాదు. నీ కోపానికి నిన్నెందుకు శిక్షిస్తున్నవ్?"

ఇగ మల్ల షురూ చేసిన, ఇంట్లనే. మొదట్ల ఆయన గొంతు వస్తుండె, అందుకే పైకి గట్టిగ నా గొంతుతోనే లెక్కవెట్టేదాన్ని. అవ్వ పక్క రూం నుంచి, అంకెలు నేర్చుకుంటున్నవానే అని నవ్వేది.

తెలంగాణ వచ్చింది. బీడీల చాట ఇడిసిపెట్టిన, ఇప్పుడు జాకెట్లు కుడుతున్న. పొద్దుగాల కాఫీ రంగు పంపు, నోరు పుక్కిలిచ్చుడు, తర్వాత పావు గంట శ్వాస. దమ్ము రాక మస్తు దినాలైంది. భయం అప్పుడప్పుడు వస్తది, కూసోని ఇడుస్తె పోతది. సారు తొవ్వల కనవడితె తల వంచుకుంటడు. నేను వంచుకోను, పలుకరియ్యను గూడ.

మీకొక్కటే చెప్త. మీ నీలం పంపు ఎక్కడున్నదో మీతోని పనిచేసే నలుగురికి చూపెట్టున్రి, ఎట్ల కొట్టాలెనో నేర్పున్రి. నా మిషన్ ముంగట గోడకు మొలకొట్టి, వచ్చేపోయేటోళ్లకు కనవడేటట్టు తగిలేసిన. సిగ్గుపడి దాసుకుంటె ఏమైతదో నేను కింద వడుకొని చూసిన.